గోడ ఆరేదాకా

ధనుర్మాసం వచ్చిందంటే మన ఇళ్ళల్లో గోడలకి గ్రహచారం మారుతుంది. ఏడాది పొడుగునా ఎవరూ పట్టించుకోని గోడని ఆ నెలలో ఇంటిల్లిపాదీ పరీక్షగా చూస్తారు. ఇక్కడ మరక, అక్కడ పెచ్చు, ఆ మూల పిల్లవాడు బొగ్గుతో గీసిన ఏనుగు, అన్నీ ఒక్కసారిగా కంటికి ఆనతాయి. "పండక్కి నలుగురూ వస్తారు, చూస్తే ఏమనుకుంటారు?" అనే మాటతో మొదలైన వ్యవహారం రంగుడబ్బా కొనుక్కు రావడంతో ముగుస్తుంది. చూసేవాళ్ళు ఏమనుకుంటారన్నదే మన బెంగ. ఆ గోడకి అసలు ఏమొచ్చిందని అడిగేవాడు ఒక్కడూ ఉండడు.

నేను చెప్పబోయేది మా మోటారుకొట్టు గోడ సంగతి. ఒక గోడ గురించి ఇంత చెప్పుకోవాలా అని మీకు తోచవచ్చు. కాని ఆ గోడ పక్కన ఒక మనిషి మంచం వేసుకోవలసి వచ్చింది. ఆ మనిషి ఉబ్బసం మనిషి. అందుకని చెప్పుకోవాలి.

మా ఊరు పర్చూరుకి దగ్గర. మా నాన్నగారు పుట్టేనాటికి అది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. ఇన్ని జిల్లాలు మారినా మా ఊరు అంగుళం కదల్లేదు. కదిలేదల్లా ఊరి కింద ఉన్న నేల. నల్లరేగడి కదండీ! వానలకి నీరు తాగి ఉబ్బుతుంది, ఎండలకి బిగుసుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. వైశాఖమాసంలో పత్తిచేలో నెర్రెలోకి చెయ్యి పెడితే మోచేతిదాకా పోతుంది. పత్తికీ మిరపకీ ఆ నేల బంగారమే. దానిమీద ఇల్లు కట్టుకున్నవాడికి మాత్రం ఏటా ఏదో ఒక గోడ బీటలిచ్చి పలకరిస్తూనే ఉంటుంది. బీట ఉన్నచోట నీరు దూరుతుంది. నీరు దూరినచోట రంగు నిలవదు.

మా కొట్టు మొదట ఎడ్ల సావిడి. ముప్ఫయి ఏళ్ళు అందులో ఎడ్లజత కట్టేవారు. సేద్యం కౌలుకిచ్చాక మిరపకాయల టిక్కీలు వేసుకున్నాం. తర్వాత కొన్నాళ్ళు ఒక కిరాణా వర్తకుడికి సరుకు దాచుకోవడానికి అద్దెకిచ్చాం. చివరికి మా అబ్బాయి కారు కొన్నాక దానికి తలుపులు మార్చి, షెడ్డు అనడం మొదలుపెట్టాం. పేరు మారింది గాని గోడలు అవే. పూతలేని ఇటుకగోడలు. వాటిమీద ఏటా వేసిన వెల్ల పొరలు పొరలుగా పేరుకుని ఉంది. అద్దెకున్నవారు శుభ్రంగా ఉంటుందని కాబోలు, నడుమెత్తుదాకా నూనెరంగు పూసుకున్నారు.

మేము కాపురముండేది పైన, మేడమీద. మెట్లు పద్దెనిమిది. మా మేనత్తకి ఎనభై దాటాయి. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నన్ను చంకనెత్తుకుని పెంచింది ఆవిడే. "దిగితే ఎక్కలేను, ఎక్కితే దిగలేను" అంటూ ఎనిమిది నెలలపాటు మేడదిగలేదు. ఊళ్ళో అందరి మంచిచెడ్డలూ అరుగుమీద కూర్చుని విచారించే మనిషికి అది చిన్న శిక్ష కాదు. ఎలా ఉందత్తా అని అడిగితే మాత్రం "నాకేంరా, బాగానే ఉన్నా" అనేది.

2023 దసరాకి మా అబ్బాయి ఒక నిర్ణయానికి వచ్చాడు. కారు వేపచెట్టు కింద పెట్టుకుంటాడట. కొట్టుని గదిగా మార్చి నాయనమ్మని కిందికి దించుతాడట. "నాయనమ్మా, సంక్రాంతికి నీ గది నీది" అని ఆవిడ చేతిలో చెయ్యి వేశాడు. మర్నాడే దుకాణానికి వెళ్ళి చెమ్మని ఆపుతుందనే రంగు ధర కనుక్కొచ్చాడు. శనివారం ఒక పూత, ఆదివారం ఒక పూత, సోమవారానికి గది సిద్ధం.

ఆ గదిలోకి వెళ్ళి చూద్దును గదా, పడమటిగోడ అడుగున మూరన్నర ఎత్తుదాకా నల్లబడి ఉంది. నూనెరంగు బుడగలు బుడగలుగా లేచి, వేలితో తాకితే పెళ్ళలుగా రాలుతోంది. రంగు ఊడినచోట ఇటుకమీద తెల్లటి నూగు. చేత్తో తుడిస్తే ఇటుక కూడా పిండిలా రాలింది. లోపలికి అడుగుపెడితే ముతకవాసన. ఉత్తరపుమూల బూజుపట్టి నల్లటి చుక్కలు. ఉబ్బసం మనిషికి ఆ నల్లచుక్కలు శత్రువులు. వాటినుంచి లేచే కంటికి కనపడని రజను ఊపిరితోబాటు లోపలికి పోతుంది.

మేస్త్రిని పిలిపించాం. ముసలివాడు, నెమ్మదస్తుడు. గోడని గోటితో గీరాడు, వాసన చూశాడు, బయటికి వెళ్ళి వీధివైపునుంచి చూశాడు.

"ఇది రంగుపని కాదు మాస్టారూ. ఈ గోడ నీళ్ళు తాగుతోంది. ఎక్కడ తాగుతోందో ముందు చూడాలి" అన్నాడు.

ఇటుక చూడటానికి రాయిలా ఉంటుంది గాని, దాని ఒంటినిండా కంటికి ఆనని రంధ్రాలే. దీపంలో వత్తి నూనె పీల్చినట్టుగా నేలలోని తడిని అది పైకి పీలుస్తుంది. ఈనాడు కట్టే ఇళ్ళల్లో పునాదిమీద, గోడ మొదలయ్యేచోట, తడి ఎక్కకుండా ఒక అడ్డుపొర వేస్తారు. ఎడ్ల సావిడికి అవన్నీ ఎవరు వేస్తారు? కాబట్టి తడి ఎక్కుతుంది. ఎక్కిన తడి గోడ ముఖంమీదినుంచి ఆవిరై పోవాలి. మీరు ఆ ముఖానికి నూనెరంగు పూశారనుకోండి, తడికి దారి మూసుకుపోతుంది. అప్పుడది రంగుని వెనకనుంచి తోస్తుంది. బుడగలు లేచేది అందుకే. అక్కడా వీలుకాకపోతే రంగు లేనిచోటు వెదుక్కుంటూ ఇంకా పైకి ఎగబాకుతుంది.

తడి నేలనుంచే వస్తోందా, గాలిలోదా అని తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. తినుబండారాలు చుట్టే మెరిసే రేకు కాగితం జానెడు ముక్క కత్తిరించి, నాలుగంచులా గాలి దూరకుండా గోడకి అంటించాలి. రెండురోజులాగి చూడాలి. కాగితం వెనక, అంటే గోడవైపు, తడి ఉంటే ఆ నీరు గోడలోనుంచి వస్తున్నట్టు. మనవైపు చెమర్చి ఉంటే అది గదిలోని గాలి తడి. మేము మూడు గోడలకీ అంటించాం. పడమటిగోడ కాగితం వెనక నీటిబొట్లు నిలిచాయి. ఉత్తరపుగోడకి మాత్రం ముందువైపు చెమర్చింది. ఒకే గదిలో రెండు జబ్బులన్నమాట. రెంటికీ ఒకే మందు పనికిరాదు.

పడమటిగోడ అవతల వీధి. ఆ వీధికి రోడ్డు వేసినప్పుడల్లా పాతదానిమీదే కొత్తది వేస్తూ వచ్చారు. మా కొట్టు కట్టిననాడు వీధికన్న ఎత్తున ఉన్న నేల ఇప్పుడు జానెడు పల్లంలో పడింది. గోడకి ఆనుకుని మట్టి మేటవేసింది. మేడమీది నీళ్ళు దించే గొట్టం సరిగ్గా ఆ మట్టిలోనే ముగుస్తోంది. ప్రతి వానకీ మేమే మా గోడకి నీళ్ళు పోస్తున్నామన్నమాట. ఆ మట్టి తవ్వి తీయించి, గోడని పునాదిదాకా గాలికి వదిలి, అడుగున కంకర పరిచి, నీళ్ళు కాలవవైపు పోయేట్టు వాలు తీయించాం. గొట్టాన్ని పొడిగించి గోడకి దూరంగా వదిలాం. ఈ పనికి రంగుడబ్బాతో నిమిత్తం లేదు. కాని రంగుపనిలో సగం ఇదే.

ఇక గోడమీది తెల్లనూగు సంగతి మేడమీదినుంచే మా అత్త తేల్చి చెప్పింది.

"ఏ గోడరా అబ్బాయ్? పడమటిదేనా? అది ఎడ్లని కట్టిన గోడ. ముప్ఫయ్యేళ్ళు వాటి పంచితం తాగిన గోడ. ఉప్పు పొయ్యకుండా ఎట్లా ఉంటుంది?"

ఆ మాట అక్షరాలా నిజం. గొడ్లచావిళ్ళ గోడల్లోనూ నేలలోనూ పేడ, పంచితం కుళ్ళి సురేకారం జాతి లవణాలు పుడతాయి. తడి ఆరేటప్పుడు నీరు ఎగిరిపోతుంది గాని ఉప్పు ఇటుకలోనే మిగిలి, అక్కడే పలుకులు కట్టి, లోపలినుంచి ఇటుకని పగలగొడుతుంది. ఇంకో తంటా కూడా ఉంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పుజాడీ చెమర్చడం చూశారుగా? ఈ లవణాలూ అంతే, గాలిలో తేమని లాక్కుంటాయి. పైకప్పు కారకపోయినా, నేల ఎండినా, ముసురు పట్టినరోజున ఆ గోడ చెమరుస్తుంది. నీటిదారి మూసినంతమాత్రాన పని పూర్తి కాదు. ఉప్పుని బయటికి రప్పించాలి.

మేము ఈ ఏర్పాట్లలో ఉండగానే 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా చుట్టుపక్కల చేలన్నీ నీళ్ళల్లో మునిగాయి. మిరపతోటలు ఉన్నచోటే వడలిపోయాయి. పంట పోయినవాళ్ళ ముందు గోడ గురించి మాట్లాడటానికి నోరు రాలేదు. తుపానులు చాలా చూసిన మా అత్త, దివిసీమని ఉప్పెన ముంచేసిన 1977 నవంబరు 19 నాటి రాత్రి సంగతి మళ్ళీ చెప్పుకొచ్చింది. తెల్లవారి కొట్టు తలుపు తీస్తే పడమటిగోడ నిలువెత్తూ తడిసి ఉంది.

అప్పుడు మా ఇంట్లో తగవు పుట్టింది. మేస్త్రి మాట ఒక్కటే: "ఎండాకాలం రానివ్వండి. వైశాఖం ఎండ తగిలాక సున్నం వేస్తాను. ఈలోపల ఏ రంగు వేసినా నా పేరు చెప్పవద్దు." సంక్రాంతి దాటిపోతుంది, శివరాత్రి దాటిపోతుంది, ఉగాది దాటిపోతుంది. మా అబ్బాయికి కోపం వచ్చింది.

"నాన్నా, గోడ ఆరేదాకా ఆగమంటున్నారు సరే. ఎనభై దాటిన మనిషి అందాకా ఆగుతుందా?" అన్నాడు.

దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. వాడు అన్నది తప్పుమాట కాదు. రంగు వేసి దించితే ఆవిడ పండక్కి వీధిని చూస్తుంది. మూడోనెలకల్లా ఆ రంగు పొంగి, దాని చాటున బూజు పెరిగి, రాత్రుళ్ళు ఆయాసంతో కూర్చునే ఉంటుంది. దించకపోతే ఆ పద్దెనిమిది మెట్లపైన మరో ఆరునెలలు. ఈ వయసులో ఆరునెలలంటే ఎంతో ఎవరికి తెలుసు?

"నా గురించి మీరు కొట్లాడుకోవద్దు. నాకేం, బాగానే ఉన్నా" అంది అత్త.

అదే రోజు రాత్రి ఆయాసం వచ్చి ఆవిడ తెల్లవార్లూ దిండుకి ఆనుకుని కూర్చుంది. మమ్మల్ని లేపలేదు. మా ఆవిడ నీళ్ళకి లేచి చూస్తే తెలిసింది. పెద్దవాళ్ళ "బాగానే ఉన్నా" అనే మాట కూడా ఒక నూనెరంగే సుమండీ. పైకి నున్నగా, మెరుస్తూ ఉంటుంది. ఎదుటివాళ్ళకి ఇబ్బంది లేకుండా వాళ్ళు తమమీద తామే పూసుకుంటారు. దాన్ని చూసి మనం నిశ్చింతగా నిద్రపోతాం.

చివరికి దారి చూపింది మా ఆవిడే. "గోడ ఆగాలి, మనిషి ఆగకూడదు. అంతేగా? గోడని ఆరనివ్వండి. అత్తయ్యగారిని కుర్చీలో మోసుకుని దించండి" అంది. ఇంత చిన్న సంగతికి మేము అన్నాళ్ళు కొట్లాడుకున్నాం! డాక్టరుగారి సలహా కనుక్కుని, చేతుల కుర్చీకి ఒక నడుంపట్టా కట్టి, మా అబ్బాయీ ఎదురింటి కుర్రవాడూ సాయంత్రం నాలుగింటికి ఆవిడని దించేవారు, దీపాలవేళకి ఎక్కించేవారు. మొదటిరోజున ఊరేగింపు చూసినట్టు వీధంతా చూసింది. వారం తిరిగేసరికి ఎవరికీ వింత కాలేదు. అరుగుమీద కూర్చుని అత్త ఊరి లెక్కలన్నీ సరిచూసుకుంది. పనిలోపనిగా మేస్త్రిమీద పెత్తనం కూడా పుచ్చుకుంది.

మాఘమాసంలో ఎండలు మొదలయ్యాక అసలు పని మొదలైంది. ముందుగా పాత నూనెరంగు తీయాలి. పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది. పాతరంగుల్లో సీసం ఉండేది. ఇంటిరంగుల్లో పదిలక్షల పాళ్ళకి సీసం 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో అమలులోకి వచ్చింది 2017 నవంబరులోనే. అందుకని తడిగుడ్డతో అద్దుకుంటూ, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా గీకాలి. రాలిన పెళ్ళలు దొడ్లో పారేయకూడదు.

ఉప్పునూగు సంగతి దీనికి తిరకాసు. దాన్ని తడపకూడదు. నీళ్ళు పోసి కడిగితే కరిగి మళ్ళీ ఇటుకలోకే వెళ్ళి కూర్చుంటుంది. పొడి కుంచెతో రాల్చి, కింద గోనెపట్టా పరిచి, ఎత్తి ఊరిబయట పారబోయాలి. ఉత్తరపుగోడ బూజుకి ఇంకో పద్ధతి. దాన్ని పొడిగా దులిపితే ఇల్లంతా ఎగురుతుంది. బ్లీచింగుపొడి కలిపిన నీళ్ళతో తడిపి, తలుపులు బార్లా తీసి, కొంచెం సేపాగి తుడిచేయాలి. ఆ నీళ్ళలో యాసిడ్డులాంటివి పొరపాటునైనా కలపరాదు, విషవాయువు పుడుతుంది. ఈ పనులు జరిగినన్నాళ్ళూ మా అత్తని కొట్టు ఛాయలకి రానివ్వలేదు. అరుగుమీదినుంచే ఆజ్ఞలు జారీ అయ్యేవి.

తర్వాత గోడకి పట్టువేశాం. సెగ్గడ్డకి పట్టువేస్తే చీము పైకి లాగినట్టే ఇదీను. పాత పత్రికలు నానబెట్టి గుజ్జుచేసి, ఉప్పులేని బంకమట్టి కలిపి, ఇటుకమీద అంగుళం మందాన మెత్తాం. మా బావినీళ్ళు ఉప్పన గనక తుపాను వాననీళ్ళు పట్టి ఉంచిన డ్రమ్ములోవి వాడాం. ఆ తడి ఇటుకలోకి దిగి ఉప్పుని కరిగిస్తుంది. ఆరేటప్పుడు ఆ ఉప్పుతోసహా పట్టులోకి వస్తుంది. రెండువారాలకి అది ఎండి బీటలిచ్చి దానంతటదే ఊడివచ్చింది. దానిమీద ఉప్పు పేరుకుని తెల్లగా ఉంది. అలా మూడుసార్లు వేశాం. మూడోసారికి తెలుపు బాగా తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. ముప్ఫయ్యేళ్ళ ఉప్పు మూడు పట్టులకి పోతుందా?

ఇటుకల మధ్య పొడిబారిన సున్నం గీకి తీసి, ఒక పాలు సున్నానికి మూడుపాళ్ళు ఇసుక కలిపి సందులు నింపాడు మేస్త్రి. సిమెంటు ఎందుకు వాడవని అడిగాడు మా అబ్బాయి. "ఇటుకకన్న గట్టిది మధ్యలో పెడితే నలిగేది ఇటుకే బాబూ. ఇటుకకన్న మెత్తనిది పెడితే అరిగేది అదీ, మిగిలేది ఇటుకా" అన్నాడు. నేను నలభయ్యేళ్ళు పాఠాలు చెప్పాను గాని ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఉత్తరపుగోడ చెమటకి మందు గాలి. ఎదురెదురుగోడల్లో పైన ఒకటి, కింద ఒకటి జాలీలు పెట్టించాం. నేల లేపి, ఇసుక, కంకర వేసి, తడి ఎక్కకుండా దళసరి ప్లాస్టిక్ పట్టా పరిచి, పైన మాచర్ల బండలు వేయించాం. గది వీధికి ఎత్తయింది.

ఆ తర్వాత ఏం చేశామంటే, ఏమీ చేయలేదు. చైత్రం అంతా, వైశాఖం సగం, తలుపులు తీసి ఊరుకున్నాం. మా అబ్బాయికి ఇదే కష్టమైంది. రోజూ పొద్దున్నే వెళ్ళి గోడమీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. ఒకరోజు అత్త వాడిని పిలిచింది.

"ఏరా, మన కల్లంలో మిరపకాయ ఆరబోస్తే ఎట్లా చూసేవాళ్ళం? పైకి ఎర్రగా నిగనిగలాడిందని టిక్కీ తొక్కేవాళ్ళమా? కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల గింజ గలగలమనాలి. అప్పుడే ఎత్తేది. తొందరపడి తొక్కినవాడి సరుకు ఏమయ్యేదో నీకు తెలియదు, మీ నాన్నకి తెలుసు."

నాకు బాగా తెలుసు. తేమ పదిపదకొండు శాతానికి దిగకుండా మూటకట్టిన మిరపకాయకి లోపల బూజు పడుతుంది. ఆ బూజు పుట్టించే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉందని తేలితే విదేశాలవారు సరుకు వెనక్కి పంపుతారు. గుంటూరు యార్డుకి కాయ తోలే రైతుకి ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు. ఆరడం అంటే ఏమిటో మన ప్రాంతంవాళ్ళకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? చేలో తెలిసిన ఈ సంగతిని మనం ఇంట్లోకి వచ్చేసరికి గుమ్మం బయట వదిలేస్తాం.

వైశాఖం మధ్యలో మళ్ళీ రేకు కాగితం అంటించాం. రెండోరోజున తీస్తే వెనక పొడిగా ఉంది. సున్నానికి కబురుచేశాం.

సున్నం పిడుగురాళ్ళనుంచి వచ్చింది. పల్నాటిసీమ నిండా సున్నపురాయే. అమరావతి స్తూపాన్ని అలంకరించిన శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాతిమీదే. తర్వాతి కాలంలో వాటి విలువ తెలియనివాళ్ళు ఆ శిల్పాల్లో కొన్నిటిని బట్టీలో వేసి కాల్చి సున్నం చేసుకున్నారు. మిగిలినవాటిలో కొన్ని మద్రాసుకీ లండనుకీ వెళ్ళాయి. సున్నపు తొట్టి ముందు నిలబడితే ఆ సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. రాయి మాత్రం ఎంత మంచిదండీ! బట్టీలో తొమ్మిదివందల డిగ్రీల వేడికి కాలి తనలోని బొగ్గుపులుసు గాలిని వదిలేస్తుంది. నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి సున్నమవుతుంది. గోడకి పూశాక మళ్ళీ గాలిలోంచి ఆ వాయువునే పీల్చుకుని మెల్లమెల్లగా రాయి అయిపోతుంది. వెల్ల వేయడమంటే గోడకి పల్చటి రాతిపొర తొడగడమే. అయినా ఆ పొర ఊపిరాడే పొర. తడి వస్తే పోనిస్తుంది. సున్నం ఘాటుకి బూజు తొందరగా పట్టదు కూడా.

వెల్ల కలపడం మా అత్త దగ్గరుండి చేయించింది. సున్నం ఉడికేటప్పుడు దగ్గరికి వంగవద్దంది. కంట్లో పడితే ధారగా నీళ్ళతో కడుక్కుని డాక్టరు దగ్గరికి పరుగెత్తవలసిందే. ఉడికి చల్లారిన సున్నాన్ని కొన్నాళ్ళు నీళ్ళకింద మాగనిచ్చి, పల్చటి గుడ్డలో వడగట్టి, అంటుకుపోకుండా తుమ్మబంక నానిన నీళ్ళు చేర్చి, చిటికెడు నీలిమందు వేయించింది. "చిక్కగా పూస్తే పెచ్చులూడుతుంది. పాలంత పల్చగా ఉండాలి. వేసినప్పుడు గోడ కనపడుతుంది, ఆరాకే తెల్లబడుతుంది. కనపడటం లేదని మళ్ళీ మళ్ళీ పూయకు" అంది.

పూసేముందు గోడమీద నీళ్ళు చిలకరించాలి. ఆరునెలలు ఆరబెట్టి ఇప్పుడు తడపడమేమిటని మీరు నవ్వుతారు. ఒంట్లో జ్వరం వేరు, ముఖం కడుక్కోవడం వేరు. లోపలి చెమ్మ పోవాలి. పైన మాత్రం ఆ పూటకి కొంచెం తడి ఉండాలి. లేకపోతే ఎండిన ఇటుక సున్నంలోని నీటిని గుక్కలో పీల్చేసి, అది రాయి కాకుండా పొడిగా మిగిలిపోతుంది. అందుకే తెల్లవారుజామున, ఎండ రాకముందే వేశారు. ఒక పూత నిలువుగా, మర్నాటి పూత అడ్డంగా. అలా నాలుగురోజులు, నాలుగు పూతలు. ఇటుక వరసలు కప్పడిపోకుండా, వెన్నెల పడ్డట్టుగా గోడ తెల్లబడింది.

ప్లాస్టిక్ రంగులమీద నాకు పగ ఏమీ లేదు. మేడమీది గదులకి అవే వేయించాం. కడుక్కోవచ్చు, చేతికి అంటవు, నచ్చిన రంగు దొరుకుతుంది. ఆరిన గోడకి అవి బహుబాగుంటాయి. తడిగోడకి వేస్తే మాత్రం తప్పు రంగుది కాదు, వేయించినవాడిది. లెక్క చూసుకుంటే మాకు సరుకుకి అయింది స్వల్పం, కూలీకి అయింది ఎక్కువ. అన్నిటికన్న ఎక్కువ ఖర్చయింది ఓపిక.

2024 జ్యేష్ఠంలో పాలు పొంగించి అత్తని గదిలోకి తీసుకొచ్చాం. మంచం గోడకి జానెడు ఎడంగా వేయించింది, గాలి ఆడాలని. ఆ ఏడు ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకి బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మా ఊళ్ళోనూ కుండపోతే. వాన వెలిసిన మూడోనాడు గోడంతా తడిమి చూశాం. నైరుతిమూల అడుగున అరచేతిమేర చెమర్చి, వెల్ల పొడిలా రాలింది. మిగతా గోడ పొడిగా ఉంది. మా అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"అదేమిట్రా అట్లా చూస్తావు? అక్కడ ఉప్పు ఇంకా ఉందని గోడ చెబుతోంది. చెప్పే గోడ మంచిదిరా. ఎండలొచ్చాక దులిపి మళ్ళీ ఒక పూత వెయ్యి" అంది అత్త.

రాత్రుళ్ళు ఆవిడకి ఆయాసం పూర్తిగా పోలేదు. వయసుతో వచ్చిన జబ్బు సున్నంతో పోదు. కాని దిండుకి ఆనుకుని తెల్లవార్లూ కూర్చోవడం తగ్గింది. ఇంకో మార్పు కూడా వచ్చింది. మా ఆవిడ ఆవిడని "ఎలా ఉన్నారత్తయ్యా?" అని అడగడం మానేసింది. "రాత్రి ఎన్నిసార్లు లేచారు?" అని అడుగుతోంది. ఆ ప్రశ్నకి "బాగానే ఉన్నా" అని జవాబు చెప్పడానికి వీలుండదు.

మీ ఇంట్లోనూ ఎక్కడో ఒక చెమ్మగోడ ఉండే ఉంటుంది. బీరువా చాటునో, మెట్లకిందో, కారు నిలిపే కొట్టులోనో. ఈ పండక్కి దుకాణానికి బయలుదేరేముందు ఒక్కసారి ఆ గోడ అవతలికి వెళ్ళి చూడండి. మట్టి ఆనుకుని ఉందేమో, గొట్టం కారుతోందేమో, నీరు నిలుస్తోందేమో. జానెడు రేకు కాగితం అంటించి రెండురోజులు ఆగండి. దాని వెనక నీటిబొట్టు కనపడిందా, ఆ సంక్రాంతికి ఆ గోడని అలాగే ఉండనివ్వండి. నలుగురూ చూస్తే ఏమనుకుంటారని బెంగపడకండి. గోడ ఆరుతోందని చెప్పండి.